కబ్బన్‌పేటలో శని, ఆదివారాలు

మా ఆయన శనివారం తెల్లారి బెంగళూరు బస్సెక్కితే మళ్ళా సోమవారం మధ్యాహ్నానికే పామిడిలో దిగేవాడు. మొదట ఎప్పుడో ఒకసారి పోయేవాడు. ఆ ఎండాకాలానికల్లా వారం తప్పకుండా పోవడం మొదలుపెట్టినాడు. ఆయనది మైకు సెట్టు. పెండ్లిండ్లకు, జాతరలకు పాటలు పెట్టేవాడు. ఏటేటా వానలు ఎగ్గొట్టి సెనక్కాయ చేలు ఎండిపోయినాయి. మా చుట్టుపక్కల పల్లెల్లో పెండ్లిండ్లు వాయిదా పడినాయి. చేసుకున్నోళ్ళు కూడా మైకు లేకుండానే తాళి కట్టించుకున్నారు. హారన్లు మా మిద్దె మీద ఊరికే పడుంటే వాటిల్లో పిచ్చుకలు గూళ్ళు పెట్టినాయి. బెంగళూరులో మన పక్క నుంచి పోయిన మగ్గాల వాళ్ళు శానామంది ఉండారని, వాళ్ళకు పెండ్లిలో మన పాటలే కావాలని, అందుకే పోతాండానని ఆయన చెప్పేవాడు. నేను నమ్మినాను. నమ్మకపోవడానికి మొదట్లో నాకు కారణాలేమీ కనపడలేదు.

తర్వాత కనపడినాయి.

వంటింట్లో నుంచి పిలిస్తే పలకడు. ఎదురుగా పోయి నిలబడితే అప్పుడే చూసినట్లు, "ఏమే, ఏం కావాల?" అంటాడు. ఏదో ఒకటి చెప్తాంటే మధ్యలో కరెంటు పోతాదా, అంతే, ఆ చీకట్లో ఇంక నోరు విప్పడు. నేను మాట్లాడుతూనే ఉంటాను, గోడకు చెప్పుకున్నట్లు. కరెంటు వచ్చినాక చూస్తే ఆయన అట్లనే కూర్చోనుంటాడు, ముఖంలో ఏమీ ఉండదు. మొగునికి మనసు ఇంకో చోట ఉంటే ఇట్లనే ఉంటాడని మా అమ్మ మా చిన్నాయన గురించి అనేది నాకు గుర్తు. మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. మగ్గం చప్పుడులో అందరం గట్టిగా అరిచి మాట్లాడుకునే వాళ్ళం. అందుకని ఆయన గట్టిగా మాట్లాడేది మటుకు నాకు వింతగా తోచలేదు.

ఒకనాడు పక్కింటి ముసలామె బియ్యం చెరుగుతూ నన్ను పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. మా ఆయన ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు కండ్లలోకి చూడడంట, మూతి దిక్కే చూస్తాడంట. వాళ్ళ కోడలు సిగ్గుతో లోపలికి పోయిందంట. "ముందు ఇట్ల ఉండేవాడు కాదు, బెంగళూరు మరిగినాకనే ఇట్లయినాడు" అని చేట దులిపింది. ఆ రోజు నుంచి నేనూ గమనించినాను. నిజమే. కూరగాయలామె బేరం ఆడుతాంటే ఆమె పెదాల మీది నుంచి చూపు తిప్పడు. పాలామెతో అయినా అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది.

దాని మీద మా అత్త ఇంకొంచెం నూనె పోసింది. బెంగళూరులో ఆయన దిగేది వాళ్ళ మేనత్త కూతురింట్లో. ఆ సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు ఆ పిల్లను ఈయనకు ఇచ్చి పెండ్లి చేయాలని రెండిండ్లలోనూ అనుకున్నారని మాత్రం నాకెవరూ చెప్పలేదు. మా అత్త ఒకనాడు ఆవకాయకు మామిడికాయలు తుడుస్తూ, మాటల్లో మాటగా ఆ మాట జార్చింది. జారిందో జార్చిందో నాకిప్పటికీ తెలీదు. ఆ పై శనివారం ఆయన సంచీ సర్దుకుంటాంటే నేను నా చీరలు రెండు తెచ్చి అదే సంచీలో పెట్టినాను.

"నేనూ వస్తాండా" అన్నాను.

ఆయన నా ముఖం చూసి కాసేపు ఆగి, "నీకు ఆడ ఏం పొద్దు పోతాది?" అన్నాడు. ఆ ఆగింది నాకు నచ్చలేదు.

బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టినాడు. అనంతపురం దాటినాక ఏం చూసినా ఒకటే, ఎర్రనేల, గుండ్లు, ఎండిపోయిన వంకలు. పెనుకొండ దగ్గర కండక్టరు వచ్చి ఏదో అడిగినాడు. టిఫినుకు దిగుతారా అని అడిగినాడని నాకు వినపడింది. ఈయన "బెంగళూరు, రెండు" అన్నాడు. కండక్టరు నవ్వి నా దిక్కు చూసినాడు. ఈ మనిషి మనసు ఇప్పటికే బెంగళూరులో ఉండాదని నేననుకున్నాను. చిక్కబళ్ళాపురం దాటి ద్రాక్షతోటలు కనపడేదాకా నేను మళ్ళా మాట్లాడలేదు. ఆయనకు అది తెలిసినట్లు కూడా లేదు.

కబ్బన్‌పేటలో వాళ్ళది సందులో సందు. కింద ఇంటాయన మరమగ్గాలు రాత్రింబగళ్ళు ఆగకుండా ఆడుతాంటాయి. మిద్దె మీద వీళ్ళు ఉంటారు. ఆమె తలుపు తీసింది. నాకంటే కొంచెం చిన్నది, సన్నగా, చామనఛాయగా ఉంది. నన్ను చూసి ఒక్క క్షణం తెల్లబోయింది, తర్వాత నవ్వింది. "రా అక్కా" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత ఆమె చేసిన పని నేను కండ్లారా చూసినాను. మా ఆయన చెప్పులు విప్పుతూ అటు తిరిగి ఉంటే, ఆమె పోయి భుజం మీద తట్టింది. ఆయన తిరగంగానే ఎదురుగా నిలబడి, "బావా, అన్నం తింటావా?" అని ఒక్కొక్క మాటా సాగదీసి అడిగింది. ఆయన ఆమె మూతి చూసి నవ్వినాడు. మా ఇంట్లో నాతో అట్ల నవ్వి ఎన్ని నాళ్ళయిందో.

ఆమె మొగుడు మంచోడు, మిల్లులో పని, ఎక్కువ మాట్లాడడు. ఆయన అక్కడే ఉన్నాడు, చూస్తాండాడు, ఏమీ అనలేదు. ఆమె మొగునికి ఏమీ తెలీదా, తెలిసి ఊరకుండాడా అని నేను లెక్కలు వేసుకుంటాంటిని. అన్నాలయినాక నేను చెయ్యి కడుక్కోను పోతే వంటింటి పక్క నుంచి వాళ్ళ మాటలు వినపడినాయి. "ఈ వారం పోవద్దులే, ఆ యమ్మ వచ్చుండాది కదా" అంటాండాడు మా ఆయన. "చెప్పేయరాదా బావా" అని ఆమె. నేను కొళాయి తిప్పి, నీళ్ళు పోతాంటే అట్లనే నిలబడినాను.

ఆ సాయంత్రం నిజంగానే పెండ్లి ఉంది. అది నాకు ఒక పక్క తేలిక, ఒక పక్క నిరాశ. అబద్ధమైనా దొరికితే పట్టుకుందామని వచ్చినదాన్ని కదా. మన కదిరి పక్క నుంచి పోయిన పట్టు వ్యాపారం వాళ్ళ రిసెప్షను. కళ్యాణ మండపంలో ఒక మూల మా ఆయనకు బల్ల వేసినారు. దాని పక్కనే ఇంకో బల్ల. పెండ్లికొడుకు స్నేహితులు ఒక కుర్రవాణ్ణి పిలిపించుకున్నారు. పొడుగు జుట్టు, చేతికి కడియం. వాని ముందర రికార్డులు తిప్పే మిషన్లు రెండు. ఒకదాని మీద పాట అయిపోకముందే ఇంకోదాని మీద రెండో పాటను మొదలుపెట్టి, రెండింటి తాళం కలిపి, ఎక్కడ ఆగింది ఎక్కడ మొదలయింది తెలీకుండా పోనిచ్చేవాడు. దీన్ని డీజే అంటారని, ఇప్పుడు పెద్ద హోటళ్ళలో ఇదేనని పెండ్లివాళ్ళ ఇంటావిడ నాకు చెప్పింది. పెద్దవాళ్ళు కూర్చున్నంతసేపు మా ఆయన పాటలు, వాళ్ళు భోజనాలకు లేచినాక ఆ అబ్బాయివి, అట్ల ఒప్పందం.

ఆ అబ్బాయి హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకోని, రెండో చెవి బయటికి వదిలి, తలూపుతూ పని చేసుకుంటాంటే మా ఆయన రెప్ప వేయకుండా చూసినాడు. వాని చేతులు కాదు, వాని చెవులు చూసినాడు. వాడు నవ్వి ఆ హెడ్‌ఫోను తీసి ఈయనకిచ్చినాడు. ఈయన పెట్టుకోని, కాసేపుండి, బాగుండాదని తలూపి ఇచ్చేసినాడు. తర్వాత పోయి పెద్ద స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడినాడు. పాట ఉన్నంతసేపు ఆ చెయ్యి తీయలేదు. ఏం చేస్తాండాడో నాకు అర్థం కాలేదు. దండిగా మల్లెపూలు పెట్టుకున్న ఆడమనుషులు ఆ పక్కనే గుంపుగా ఉండారు, వాళ్ళను చూడను అది ఒక సాకు అనుకున్నాను.

వాళ్ళలో ఒకామె, పెండ్లికూతురి పిన్నమ్మంట, ఆయన దగ్గరికి వచ్చి నవ్వుతూ ఏదో అడిగింది. ఈయన ఆమె పెదాలే చూస్తూ తలూపినాడు. రికార్డు వెతికి పెట్టినాడు. పెండ్లికూతురు మెట్లెక్కి పైకి వస్తాండాది, అందరూ లేచి చూస్తాండారు. మైకులో నుంచి మొగుడు చచ్చినామె ఏడ్చే పాట మొదలయింది.

మండపమంతా గమ్మునైపోయింది. పెండ్లికూతురి నాయన ముఖం నల్లబడింది. ఆ డీజే అబ్బాయి తెలివైనోడు, చటుక్కున తన మిషను మీద డోలు దెబ్బ పెంచి ఆ ఏడుపును అట్లనే ముంచేసినాడు. మా ఆయన ఇదంతా అయినాక గానీ తలెత్తలేదు. తలెత్తి, అందరి ముఖాలూ చూసి, అప్పుడు రికార్డు మీది ముల్లు తీసినాడు. చెమటలు పట్టినాయి. ఆ పిన్నమ్మను చూసి మతి పోయి పాట మార్చినాడని నేను ఖాయం చేసుకున్నాను. ఆటోలో తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతిలో సగం చించిన వక్కపొడి పొట్లం అట్లనే ఉండిపోయింది, నోట్లో వేసుకోలేదు.

ఆదివారం పొద్దున లేచేసరికి వాళ్ళ ముందు గది నిండా జనం. ఆ మిద్దెల్లో టీవీ వాళ్ళకొక్కరికే ఉండాది. పొద్దున పురాణం సీరియలు వస్తాదని ఆడవాళ్ళు తలస్నానాలు చేసి వచ్చి కూర్చున్నారు. ఒకామె టీవీకి కుంకుమ పెట్టింది. పామిడిలో నేను టీవీ చూసినా, దాంట్లో మనుషుల కంటే చుక్కలే ఎక్కువ. ఈడ అంతా స్పష్టంగా ఉండాది. అందరూ బాణాలు చూస్తాంటే నేను మా ఆయనను, ఆమెను చూసుకుంటూ కూర్చున్నాను. ఆయన అందరికంటే ముందు, టీవీకి ముక్కు తగిలేంత దగ్గర కూర్చున్నాడు.

అది అయినాక ఆయన, ముల్లు కొనాల, అవెన్యూ రోడ్డుకు పోయొస్తానన్నాడు. నేనూ చెప్పులేసుకున్నాను. చిక్కపేట సందుల్లో తిరిగినాము. మా ధర్మవరం చీరలు అద్దాల వెనక నిలబడి ఉంటే చూసి, ఇవి మా వీధిలోనివేనేమో అనుకున్నాను. ఆయన ముందర, నేను వెనక. మెజెస్టిక్కు పక్క పోయేటప్పుడు వెనక నుంచి లారీ ఒకటి హారను కొడుతూనే వచ్చింది. జనమంతా పక్కకు తప్పుకున్నారు. ఈయన నడిరోడ్డు మీద తన మానాన తాను నడుస్తాండాడు. నేను పరుగెత్తి చొక్కా పట్టి గుంజినాను. లారీ డ్రైవరు కన్నడంలో నానా మాటలన్నాడు. ఆయన నా ముఖం చూసి ఏమీ జరగనట్లు, "ఏమే, ఆకలయితాందా?" అన్నాడు. ఎవరి మీద ఇంత ధ్యానమో అని నేను లోపల కాలిపోతూ ఇడ్లీ తిన్నాను.

మధ్యాహ్నం మళ్ళా గది నిండింది. ఆదివారం మధ్యాహ్నం సినిమా వస్తాది. దానికి ముందు చెవుడు ఉన్నోళ్ళకని చేతులతో వార్తలు చెప్తారు. అది ఎవరికీ పట్టదు. అందరూ ఉల్లిపాయల ధర గురించి, నీళ్ళ గురించి మాట్లాడుకుంటాండారు. గోల ఎక్కువై ఎవరో సౌండు పూర్తిగా తగ్గించేసినారు. మా ఆయన ఒక్కడే ఆ వార్తలు చూస్తాండాడు. తెర మీద ఆమె చేతులు తిప్పుతాంటే ఈయన వేళ్ళు ఒడిలో మెల్లగా కదులుతాండాయి. ఆ ఆడమనిషిని కూడా వదల్లేదే అనుకున్నాను.

సినిమా మొదలయింది. తెర మీద పేర్లు పడుతాండాయి, సౌండు లేదు. అందరూ అరిచినారు. టీవీకి దగ్గర ఉండేది మా ఆయనే. "అప్పా, సౌండు పెట్టప్పా" అని ఒకరు, "అన్నా, ఆ బిరడ తిప్పన్నా" అని ఇంకొకరు. ఆయన కదల్లేదు. ఒక ముసలాయన గట్టిగా తిట్టినాడు. పిల్లలు ఈల వేసినారు. ఆయన తెర దిక్కు చూసి, పాట వింటాండేవాడు తాళం వేసినట్లు, మోకాలు మీద మెల్లగా వేళ్ళతో కొడుతూ కూర్చున్నాడు. ముఖం ప్రశాంతంగా ఉండాది.

ఆమె వంటింట్లో నుంచి పరుగెత్తుకోని వచ్చి సౌండు పెంచింది. "మా బావ కండ్లు తెరిచి నిద్రపోతాడు" అని నవ్వేసింది. అందరూ నవ్వినారు. ఆమె ఆయన భుజం తట్టి వెనక్కి జరగమని సైగ చేసింది. అప్పుడు ఆమె నా దిక్కు చూసింది. నేను చూస్తాండానని ఆమెకు తెలిసిపోయింది.

నేను లేచి పోయి ఆయన వెనక, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి, ఇంట్లో ఎన్నడూ అనని మాట అన్నాను. పక్కన కూర్చున్న ఇద్దరు ఉలిక్కిపడి నన్ను చూసినారు. ఆయన చూడలేదు.

వంటింట్లోకి పోయినాను. ఆమె నా వెనకే వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"కుడి చెవి ఎప్పుడో పోయిందక్కా. ఎడమది ఈ ఏడు నుంచి తగ్గుతా వస్తాండాది" అంది. శనివారం మధ్యాహ్నం చెవుల డాక్టరు చూస్తాడంట. తనే తోడు పోతాదంట. హారన్ల కింద అన్నేండ్లు కూర్చున్నందుకు నరం దెబ్బ తినిందని, ఇంక తిరిగి రాదని, మిషను పెట్టుకుంటే కొంచెం వినపడొచ్చని డాక్టరు చెప్పినాడంట. మా ఆయన మిషనుకు ఒప్పుకోలేదంట. మూతి చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంటానన్నాడంట. చేతుల వార్తలకు ప్రతి ఆదివారం ఎదురు చూస్తాడంట. ఇవన్నీ ఆమె పొయ్యి మీది పాలు చూసుకుంటూ చెప్పింది. నేను వింటూ గోడకానుకోని కూర్చుండిపోయినాను. నేను అనుమానించిందే నిజమైతే బాగుండునని ఎవరైనా అనుకుంటారా? ఇంకో ఆడది ఉంటే కొట్లాడి ఉందును. దీంతో ఎట్ల కొట్లాడేది?

సాయంత్రం లాల్‌బాగ్‌కు పోదాము రమ్మని నేనే ఆయనను బయటికి తీసుకోనిపోయినాను. ఆ రాతిగుట్ట మీద చానామంది కూర్చోని ఉండారు. మేమూ ఒక పక్క కూర్చున్నాము. ఆయనకు నేను తెలుసుకున్నానని తెలిసింది. ఎట్ల తెలిసిందని అడిగే పని పెట్టుకోలేదు.

"చీకటి పడకముందే మాట్లాడు. తర్వాత నాకు నీ మాట అందదు" అన్నాడు.

కరెంటు పోయినప్పుడల్లా ఆయన ఎందుకు నోరు మూసుకునేవాడో నాకు అప్పుడు తెలిసింది. ఎందుకు చెప్పలేదని అడిగినాను. ఆయన మెల్లగా చెప్పినాడు. మైకు సెట్టాయనకు చెవుడని తెలిస్తే ఏ ఊర్లో పిలుస్తారు? నిన్న మండపంలో చూస్తివి కదా, పిన్నమ్మ అడిగింది ఒక పాట, పెట్టింది ఇంకో పాట, పెదాల మీద రెండూ ఒకే మాదిరి కనపడినాయి. నాకు చెప్తే నేను మా అమ్మగారింటికి ధర్మవరం పోతాననుకున్నాడంట.

"ఆ యమ్మకు చెప్తివే" అన్నాను.

"ఆమెకు నేను చెప్పలేదు. వచ్చిన రోజే ఆమే కనుక్కునె."

ఆ మాట నాకు ఆ రోజు తగిలిన చోట ఇప్పటికీ అట్లనే ఉంది. ఒకే కప్పు కింద ఉన్నదాన్ని నేను, వచ్చిన రోజే కనుక్కున్నది ఆమె. ఆయన నా మనసు కనిపెట్టినట్లు, ఆమె నాయనకు కూడా చెవుడే, చిన్నప్పటి నుంచి చూసింది గనక తెలిసింది అన్నాడు. నిజమే కావచ్చు. వెలుతురు ఉన్నంతసేపూ ఆయన నా ముఖాన్ని చూస్తూనే ఉండినాడు. దీపాలు వెలిగినాక లేచి నడుచుకుంటూ కబ్బన్‌పేటకు వచ్చినాము. ఈసారి నేను ఆయనకు కుడి పక్కన నడిచినాను, బండ్లు వచ్చే పక్క.

సోమవారం ఊరికి వచ్చేసినాము. మా అత్తకు మేము చెప్పలేదు. ఆ ఏడు కొంచెం వాన పడింది, పెండ్లిండ్లు మొదలయినాయి. నేను ఆయనతో పాటు పోయి మైకు బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టినాను. ఎవరైనా పాట అడిగితే నేను విని ఆయనకు పెదాలతో చెప్పేదాన్ని. సౌండు ఎక్కువైతే ఆయన మోకాలు మీద ఒత్తేదాన్ని. ముల్లు గీరితే చెయ్యి పట్టుకునేదాన్ని. పెండ్లాము మైకు దగ్గర కూర్చునేది మా పక్క ఎవరూ చూడలేదు. మొగుని మీద అనుమానంతో కాపలా కూర్చుండాదని ఊరంతా అనుకునిరి. పక్కింటి ముసలామె అయితే మంచి పని చేస్తివని మెచ్చుకుంది. మేము దాన్ని అట్లనే పోనిచ్చినాము. నా అనుమానం ఎంత పెద్దదని జనం అనుకుంటే ఆయన చెవుల మీదికి అంత తక్కువగా చూపు పోయేది. ఒక్కోసారి ఎవరైనా చూస్తాండారనుకుంటే నేను ముఖం ముడుచుకోని కూర్చునేదాన్ని.

కొన్నేండ్లకు ఆయన మిషను పెట్టుకున్నాడు. ఆంప్లిఫయరు దగ్గరికి పోతే అది కీచుమని అరిచేది. ఆఖరికి మైకు సెట్టు అమ్మేసి, పెండ్లి పందిళ్ళకు రంగు బల్బుల సరాలు కట్టే పని పెట్టుకున్నాడు. దానికి కండ్లుంటే చాలు. బాగానే నడిచింది.

కబ్బన్‌పేట ఆమె, మేము బెంగళూరు పోయొచ్చిన మరుసటి ఏడు ఎండాకాలం, పిల్లలతో పామిడికి వచ్చి రెండు దినాలుండింది. పెన్నలో నీళ్ళు లేవు, ఇసకలో చెలమలు తవ్వినారు. ఇద్దరం బిందెలు పెట్టుకోని నీళ్ళు ఊరేదాకా కూర్చున్నాము. నేను అడిగినాను, ఆయన సంగతి నాకు తెలీనిది ఇంకేమన్నా ఉండాదా అని. ఆమె చెంబుతో నీళ్ళు తోడుతూ, "ఉంటే నేను చెప్తానా అక్కా?" అని నవ్వింది. నేనూ నవ్వినాను గానీ, ఆ రెండు దినాలూ ఆమె ఆయనకు అన్నం వడ్డించేటప్పుడు నేను పక్కనే నిలబడినాను.